లోపలి మేస్త్రీ

మా అత్తయ్య నాగేశ్వరమ్మ నోటివెంట "నీ ఇష్టం" అన్న మాట నేను మొదటిసారి విన్నది మొన్న దీపావళి వెళ్ళిన నాలుగో రోజున. నా పెళ్ళయి అప్పటికి ఇరవై మూడేళ్ళు.

పప్పులోకి దోసకాయ వెయ్యనా, తోటకూర వెయ్యనా అని అడిగాను. మామూలుగా అయితే ఆ ప్రశ్నకి కనీసం పది నిమిషాల జవాబు ఉండేది. దోసకాయ చేదు చూశావా, కిందటిసారి చూడకుండా వేసి ఇంటిల్లిపాది నోళ్ళూ పాడుచేశావుగా, తోటకూర ఎవరి పెరట్లోది, పురుగు దులిపావా, పొద్దున్నే అడగాల్సిన మాట పొయ్యి వెలిగించాక అడుగుతావేంటి... అలా. ఆ రోజు ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని, "నీ ఇష్టం ఇందూ" అంది.

నేను వంటింట్లోకొచ్చాను. దోసకాయా తోటకూరా పక్కన పెట్టి పాలకూర పప్పు చేశాను. నాకు పాలకూర ఇష్టమని ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మా ఇల్లు నూజివీడు నుంచి రెడ్డిగూడెం వైపు వెళ్ళే దారిలో, మా మామిడితోట అంచునే ఉంటుంది. అత్తయ్య వరండాలో నిలబడి కేకేస్తే తోట చివరి వరసలో ఉన్న పాల్ రాజు "వస్తన్నా పెద్దమ్మగారూ" అని పలికేవాడు. పాల్ రాజు మా తోటకి కూలీల మేస్త్రీ. పాదులు తవ్వించడం దగ్గర్నుంచి కాయ కోయించడం దాకా మనుషుల్ని తెచ్చి పని చేయించేది అతనే. అతని దగ్గర ఫోన్ ఉన్నా మా ఇంట్లోంచి అతనికి ఫోన్ చేసిన గుర్తు లేదు. అవసరం పడలేదు.

ఆ గొంతు మెల్లగా బొంగురుపోయింది. మాట నెమ్మదించింది. మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుని మూడింటికి లేచే మనిషి అయిదింటికి కూడా లేవడం లేదు. మొహం ఉబ్బి నున్నగా, బొద్దుగా అయ్యింది. చూసినవాళ్ళంతా కళ వచ్చిందన్నారు.

"అమ్మకి అరవై ఆరు వచ్చాయి. ఎంతకాలమని అరుస్తుంది? వయసుతో పాటు శాంతం వచ్చింది," అన్నాడు మా ఆయన రవిచంద్ర.

గురువారం మా ఇంటికి భజనకి వచ్చే ఆడవాళ్ళు ఇంకో అడుగు ముందుకి వేశారు. భజన జరుగుతున్నంతసేపూ అత్తయ్య స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంటోంది. అది ధ్యానమని వాళ్ళు తేల్చారు. ఒకావిడైతే వెళ్తూ వెళ్తూ అత్తయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది. "కోపం పోయింది, ఆశ పోయింది, ఇంకేం కావాలండీ!" అంది నాతో. ఆ ఆవిడతోనే రెండేళ్ళ కిందట ప్రసాదంలో జీడిపప్పు తక్కువైందని అత్తయ్య గేటు దాకా వెళ్ళి మరీ పోట్లాడింది.

ఆ దణ్ణం పెట్టే సమయానికి అత్తయ్య సన్నగా గురక పెడుతోందన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఉన్నమాట రాస్తాను, నాకు హాయిగా ఉంది. కూరలో ఉప్పు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

ఫ్యాను సంగతీ చెప్పాలి. నాకు నలభై ఏడు. నెలసరి ఆగి ఏడాది కావస్తోంది. ఉన్నట్టుండి గుండెల్లోంచి వేడి పుట్టి, మెడ మీదుగా చెవులదాకా ఎగబాకి, జాకెట్టు తడిసిపోతుంది. మార్గశిర మాసంలో కూడా నాకు ఫ్యాను కావాలి. అత్తయ్యకి మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా చలే. ఒకప్పుడైతే ఆ స్విచ్చి దగ్గర మా ఇద్దరికీ యుద్ధం జరిగేది. ఇప్పుడు నేను ఫ్యాను వేస్తే ఆవిడ మాట్లాడకుండా ఇంకో దుప్పటి కప్పుకుంటోంది.

జనవరిలో తోట పూతకొచ్చింది. కిందటి వానాకాలంలో పూతమందు పాదుల్లో పోయించింది అత్తయ్యే. ఏటా తొలిపూత కనిపించిన రోజున తెల్లవారుతూనే తోటంతా తిరిగి, ఏ చెట్టు కాస్తుందో, ఏది మోసం చేస్తుందో చెప్పేది. నూటికి తొంభై పాళ్ళు అలాగే జరిగేది. ఈసారి ఆవిడ తోటవైపు రాలేదు. నేనే చిన్న రసం చెట్టునుంచి ఒక పూతకొమ్మ విరిచి తెచ్చి చేతికిచ్చాను.

"బాగుంది," అంది. వాసన కూడా చూడలేదు. దిండు పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది.

అంతే, నా హాయి అక్కడితో ఆగిపోయింది. పూతకొమ్మ విరిచినందుకు నన్ను తిట్టని మనిషి మా అత్తయ్య కాదు. ఈవిడ ఎవరో, మా అత్తయ్య ఎక్కడికి వెళ్ళిందో, మళ్ళీ వస్తుందో రాదో అని మొదటిసారి భయం వేసింది. మా ఆడపడుచుకి ఫోన్ చేస్తే, "పెద్దతనం వదినా. కదిలించకుండా ప్రశాంతంగా ఉండనివ్వండి," అంది.

ఆ శనివారం మా అమ్మాయి మనోజ్ఞ విజయవాడ నుంచి వచ్చింది. అక్కడ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. చెప్పులు విప్పకుండానే నానమ్మ మొహంలోకి చూసి, "నానమ్మా, నీ కనుబొమలేవి?" అంది.

నిజమే. రెండు కనుబొమల చివర్లూ వెంట్రుకలు రాలి సగానికి వచ్చాయి. రోజూ ఆ మొహం చూస్తూ నేను గమనించలేదు.

మనోజ్ఞ నానమ్మని స్టూలు మీద మోకాళ్ళేయించి, పాదాలు వెనక్కి వేలాడేయించి, వంటింట్లోంచి చెక్కగరిటె తెచ్చి మడమ పైన చిన్నగా కొట్టింది. పాదం టక్కున కదిలింది గానీ, వెనక్కి రావడానికి బద్ధకించినట్టు మెల్లగా వచ్చింది.

"ఇంకోసారి కొట్టవే," అన్నాడు మా ఆయన, ఆసక్తిగా.

"సర్కస్ కాదు నాన్నా. థైరాయిడ్ అయ్యుంటుంది. సోమవారమే టెస్ట్ చేయించండి."

నూజివీడులో రక్తం ఇచ్చి, డాక్టరుగారికి చూపించాం. కాగితం మీద టీఎస్‌హెచ్ అని ఉన్నచోట అరవై రెండు అని పడింది. నాలుగున్నర దాటకూడదట. రోజుకో మాత్ర, పొద్దున్నే ఖాళీ కడుపుతో వేయించమని డాక్టరుగారు చెప్పారు. ఆరువారాల్లో మళ్ళీ పరీక్ష.

"హార్మోన్ ఎక్కువైందా అయితే?" అని ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు.

"కాదు, తక్కువైంది," అంది మనోజ్ఞ ఫోన్లో. స్పీకరు పెట్టి అందరం వింటున్నాం.

"అరవై రెండుంటే తక్కువంటావేంటే?"

"నాన్నా, మెడ దగ్గర సీతాకోకచిలక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది. అదే థైరాయిడ్. అది పంపే హార్మోన్‌ని బట్టే ఒంట్లో ప్రతి పనీ ఎంత వేగంగా జరగాలో తేలుతుంది. గుండె కొట్టుకోవడం, తిన్నది అరగడం, ఒంట్లో వేడి, జుట్టు, గొంతు, చివరికి బుర్ర కూడా. అది కూలి అనుకో. మెదడు కింద శనగగింజంత ఇంకో గ్రంథి ఉంటుంది. అది మేస్త్రీ. మన పాల్ రాజు మావయ్యలాగా. కూలి పని చేస్తున్నంతసేపూ మేస్త్రీ నెమ్మదిగా ఉంటాడు. కూలి మానేస్తే అరుస్తాడు. ఆ అరుపే టీఎస్‌హెచ్. అరవై రెండంటే, మేస్త్రీ గొంతు చించుకుంటున్నాడన్నమాట. కూలి మాత్రం లేవట్లేదు."

నేను అత్తయ్య వైపు చూశాను. రెండు దుప్పట్ల కింద నిశ్శబ్దంగా కూర్చుని ఉంది. మూడు నెలలుగా ఆ మనిషి లోపల ఒకరు ఆపకుండా అరుస్తున్నారు. మేమేమో శాంతం వచ్చిందనుకున్నాం.

"మరి మీ అమ్మకి ఆ వేడేంటి?" అన్నాడు మా ఆయన.

"అమ్మకి ఈస్ట్రోజన్ తగ్గుతోంది. దాంతో మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు చిన్న విషయానికే కంగారుపడుతుంది. ఒళ్ళు కాలిపోతోందనుకుని చెమట పట్టించేస్తుంది. నువ్వు నవ్వకు నాన్నా! మొన్న మూడో లడ్డూ తిన్నావని అమ్మ చెప్పింది. నీ ఇన్సులిన్ ఎంతకాలం మోస్తుందో చూద్దాం. ఇంట్లో ముగ్గురున్నారు, ముగ్గురూ హార్మోన్లే."

మాత్రలు మొదలుపెట్టాం. పొద్దున్నే నేనే నా చేత్తో ఇచ్చేదాన్ని. ఒక్కరోజు తప్పలేదు. ఫిబ్రవరి వెళ్ళింది. పిందె కట్టింది. అత్తయ్య మాత్రం అలాగే ఉంది. "ఈ మాత్రలు ఎందుకే," అంది ఒకరోజు మెల్లగా, "నాకు టైమయిపోయిందేమో." నేను తలుపు చాటుకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మార్చి మధ్యలో మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు షాలోమి ఇంటికే వచ్చి రక్తం తీసుకుని నూజివీడు పంపింది. రెండోరోజు సాయంత్రం తనే కాగితం తెచ్చింది. యాభై అయిదు.

"ఇంతేనా తగ్గింది?" అన్నాను.

షాలోమి చిన్నపిల్లే, పాతికేళ్ళుంటాయి. గడప మీద కూర్చుని, "ఆంటీ, మాత్ర రోజూ వేస్తున్నారా?" అంది.

"ఒక్కరోజు కూడా మానలేదమ్మా."

"ఖాళీ కడుపుతోనే?"

"ఖాళీ కడుపుతోనే. పళ్ళు తోముకోగానే."

"దేంతో మింగుతారు మామ్మగారూ?"

"కాఫీతో," అంది అత్తయ్య.

షాలోమి నా వైపు చూసింది. "ఖాళీ కడుపన్నారు?"

"ఖాళీ కడుపే కదమ్మా," అన్నాను నేను. "ఏమీ తినదు. కాఫీ ఒక్కటే."

నాకు నిజంగా అర్థం కాలేదు. మా ఇంట్లో కాఫీ తినడం కిందకీ రాదు, తాగడం కిందకీ రాదు. ఏకాదశి ఉపవాసంలో మంచినీళ్ళు కూడా ముట్టని రోజున అత్తయ్య రెండు కాఫీలు తాగుతుంది. పూజకి కూర్చునే ముందు తాగుతుంది. రక్తపరీక్షకి ఏమీ తినకుండా రమ్మంటే తాగే వెళ్తుంది. ఇరవై మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఏ మాత్రయినా కాఫీగ్లాసు పక్కనే సాసరులో పెట్టివ్వడం అలవాటు. సాసరులో ఈ మాత్ర, దాని పక్కన మోకాళ్ళ నొప్పులకి కాల్షియం మాత్ర.

"చిక్కటి పాలేనా?" అంది షాలోమి.

"మా గేదె పాలే."

ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. "అయ్యో ఆంటీ! పాలూ, కాఫీ, పైగా కాల్షియం మాత్ర! ఆ మందు కడుపులోంచి రక్తంలోకి వెళ్ళకుండా ఇవన్నీ పట్టేసుకుంటాయి. ఉట్టి మంచినీళ్ళతో వెయ్యాలి. గంటదాకా కాఫీ వద్దు. కాల్షియం మాత్ర రాత్రికి మార్చండి."

నేను నోరు తెరిచే లోపల మంచం మీద నుంచి బొంగురు గొంతు వినబడింది.

"పాదులో గడ్డి ఉంచి పూతమందు పోసినట్టు," అంది అత్తయ్య.

ఇద్దరం ఆవిడ వైపు తిరిగాం.

"గడ్డి తియ్యకుండా మందు పోస్తే గడ్డి తాగుతుంది, చెట్టుకేం ఎక్కుతుంది," అంది. ఒక్కొక్క మాటా కూడదీసుకుని అంటోంది. "ఏటా పాల్ రాజుకి చెప్పి చెప్పి నా నోరు పోయేది. నా పాదులోనే గడ్డి చూసుకోలా."

నేను ఆ సాయంత్రం చాలాసేపు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ హాయి మీద ఆశతో నా చెయ్యే ఈ పొరపాటు చేసిందా అని కూడా అనిపించింది. కానీ మర్నాడు పొద్దున్న అయిదింటికి గ్లాసుడు మంచినీళ్ళూ మాత్రా పట్టుకుని వెళ్ళేసరికి అత్తయ్య లేచి కూర్చుని ఉంది.

మాత్ర మింగి, "ఇప్పుడు గంట!" అంది. "గంటసేపు కాఫీ లేకుండా మనిషి బతుకుతుందా?"

"నేనూ తాగనులెండి. మీతో పాటే."

వంటింట్లోంచి డికాషన్ వాసన రాకుండా తలుపు వేశాను. అయినా ఆవిడ కళ్ళు గడియారం మీదే. ఇంట్లో కూర్చుంటే గంట గడవదని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాను. మొదటిరోజు గేటు పక్క జలాలు రకం మామిడిచెట్టు దాకా వెళ్ళి ఆయాసపడి వెనక్కి వచ్చింది. వారం పోయాక నాలుగో చెట్టు. ఉగాది నాటికి మొదటి వరస చివర్న మోటారు షెడ్డు. అక్కడ నీళ్ళతొట్టి గట్టు మీద కాసేపు కూర్చునేవాళ్ళం. ఇరవై మూడేళ్ళలో మేమిద్దరం పనేమీ లేకుండా పక్కపక్కన కూర్చున్నది అక్కడే.

ఒకరోజు అక్కడే అన్నాను, "అత్తయ్యా, ఒక మాట చెప్తాను. కోప్పడకండి."

"కోప్పడే ఓపిక ఇంకా రాలేదు. ఇప్పుడే చెప్పెయ్."

"మొదట్లో మీరు మాట్లాడకుండా పడుకుంటే... నాకు హాయిగా ఉండేది. జబ్బని తెలియక."

ఆవిడ చెప్పు కొసతో మట్టిలో గీత గీసింది. "ఎంతకాలం?"

"దీపావళి నుంచి పూత వచ్చేదాకా."

"మూడు నెలలా!" అంది. ఆ గొంతులో కోపం కోసం వెతికాను. లేదు. "నాకు మా అత్తగారు కాశీ వెళ్ళినప్పుడు పద్దెనిమిది రోజులే దొరికాయి. ఆ పద్దెనిమిది రోజులూ రోజుకో పచ్చడి నూరుకు తిన్నా. నువ్వేం వండుకున్నావు?"

"పాలకూర."

"పాలకూరా!" అత్తయ్య నా వైపు పూర్తిగా తిరిగింది. "దొరక్క దొరక్క మూడు నెలలు దొరికితే పాలకూర వండుకుందంట!"

అని నవ్వింది. బొంగురు గొంతుతోనే, భుజాలు కదిలేలా. నవ్వుతూ నవ్వుతూ, "టైమెంతయింది? కాఫీకి ఇంకెంత?" అంది.

ఏప్రిల్‌లో ఒక దుప్పటి తీసేసింది. తరవాత రెండోదీ. మొహం వాపు దిగి పాత దవడ ఎముకలు బయటికొచ్చాయి. భజనలో స్తంభం దగ్గర కూర్చోవడం మానేసి, ముందు వరసలో కూర్చుని తాళం తప్పినవాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టింది. "ధ్యానం తగ్గిందేంటండీ?" అని అడిగిందట కాళ్ళకి దణ్ణం పెట్టినావిడ. "మాత్రలేసుకుంటున్నా," అందట అత్తయ్య. గొంతు మాత్రం ఇంకా పూర్తిగా పెగల్లేదు. మాట వరండా దాటి వెళ్ళడం లేదు. నేను దానికోసమే చూస్తున్నాను. పూత వేళ భయపడిన దగ్గర్నుంచీ నాకు ఒకటే కోరిక. ఆ కేక మళ్ళీ వినాలి.

మే మొదటివారంలో తొలి కోత. ముందురోజే షాలోమి మళ్ళీ రక్తం తీసుకెళ్ళింది. పొద్దున్న ఏడింటికే పాల్ రాజు మనుషులు కొసన వల చిక్కాలు కట్టిన గెడలతో తోటలోకి దిగారు. చిన్న రసాలకి తొడిమతో పాటు కోయడం మా తోట పద్ధతి. తొడిమ ఊడితే సొన కారి కాయ మీద నల్లటి మచ్చ పడుతుంది. ఆ కాయ మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. కొత్తగా వచ్చిన కూలీలకి ఆ సంగతి తెలియదు. గెడతో లాగి పడేస్తున్నారు.

నేను వరండాలో బియ్యం ఏరుతున్నాను. అత్తయ్య నా పక్కనే నిలబడి తోటవైపు చూస్తోంది. ఊపిరి తీసుకోవడం కనిపించింది.

"ఒరే పాల్ రాజూ! తొడిమెల్ని ఏం చేస్తన్నార్రా? కాయలు కోస్తన్నారా, చెట్టుకి క్షవరం చేస్తన్నారా?"

నా చేతిలో చేట అదిరింది. కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టలు లేచిపోయాయి. రోడ్డు మీద కాయలు ఎత్తుకోవడానికి వచ్చిన ఆటో అతను ఇంజను ఆపేశాడు. తరవాత చివరి వరసలోంచి, ఎంతో దూరం నుంచి, పండగ చేసుకుంటున్నట్టు జవాబు వచ్చింది.

"వస్తన్నా పెద్దమ్మగారూ!"

పాల్ రాజు నిజంగానే పరుగెత్తుకుంటూ వచ్చాడు. తలపాగా విప్పి చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. "ఆర్నెల్లు దాటిందమ్మా ఈ కేక విని. తోట మూగబోయినట్టుండేది."

"నవ్వింది చాలు. ముందు ఆ గెడ ఇటు తే. ఎలా కొయ్యాలో నేను చూపిస్తా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నేను చెప్పులు పట్టుకుని వెనకాల పరుగెత్తాను.

సాయంత్రం షాలోమి ఫోన్ చేసింది. ఆరు. యాభై అయిదు నుంచి ఆరుకి దిగింది. మనోజ్ఞకి చెప్తే కేరింతలు కొట్టింది. "లోపలి మేస్త్రీ ఇంకా కొంచెం గొణుగుతున్నాడమ్మా. ఇంకో నెలలో పూర్తిగా నోరు మూస్తాడు."

"బయటి మేస్త్రీ పొద్దుట్నించీ మొదలెట్టింది," అన్నాను.

తొడిమ ఊడిన కాయలన్నీ ఆవకాయకి పక్కన పోయించాను. ఇంకా కావాలి. నాకో ప్రశ్న మిగిలింది. అది అడగాలంటే భయం. దీపావళినాటి జవాబే వస్తే?

"అత్తయ్యా, ఆవకాయకి ఇంకా చిన్న రసాలే తీయించనా, జలాలు తీయించనా?"

"అదేం ప్రశ్నే! నువ్వీ ఇంటికొచ్చి ఎన్నేళ్ళయింది?" అంది అత్తయ్య. జలాలకి పీచెక్కువ, కార్తీకం దాకా గట్టిగా నిలుస్తుంది. రసాలకి పులుపు బాగుంటుంది గానీ తొందరగా మెత్తబడుతుంది. అందుకని రెండూ కలపకూడదు, రెండు జాడీలు పెట్టాలి. ఆవాలు ఎండబెట్టావా, కిందటేడు మెత్తగా కొట్టి చేదు చేశావుగా, అసలు టెంక పట్టిందో లేదో చూశావా, మీ పుట్టింటివాళ్ళు ఎలాగూ టెంక చూడరు...

నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. ఆ పదకొండూ నాకు పరమానందంగా ఉంది. పదిహేనో నిమిషంలో పుట్టింటి మాట మళ్ళీ వచ్చేసరికి గుండెల్లోంచి వేడి బయల్దేరి మెడ మీదుగా చెవులదాకా ఎక్కింది. ఈసారి తప్పు ఈస్ట్రోజన్‌ది ఒక్కదానిదే అని చెప్పలేను.

స్విచ్చి వైపు వెళ్ళబోతుంటే, "ఆ ఫ్యాను కాస్త పెంచవే, ఉక్కపోస్తోంది," అంది అత్తయ్య.

పెంచాను. ఇద్దరం దాని కిందే కూర్చున్నాం.

"రేపు పప్పులోకి ఏంటి?" అంది.

"పాలకూర."

"నన్నడిగావా?"

"అడగలేదండీ."

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. కనుబొమల చివర్న కొత్త వెంట్రుకలు సన్నగా మొలుస్తున్నాయి. వాటిని పైకెత్తి, "మూడు నీళ్ళు పోసి కడుగు. పాలకూరలో ఇసుకుంటుంది," అంది.